తుడిచేసిన ఆకుపచ్చ చుక్క

రిటైరైన మనిషి పక్కన కూర్చుంటే రెండే వినబడతాయి, షుగర్ గోలీల పేర్లూ, ఆయన ఉద్యోగంలో గెలిచిన కథలూ. జగిత్యాలలో స్కానింగ్ పని నేర్చుకుంటున్న పిల్లలు కలిసినప్పుడల్లా నేనూ గెలిచిన కథలే చెప్పాను. గుట్ట మెట్ల మీద జారిపడ్డ ఒక ముసలాయన తలలో రక్తం గడ్డను ఎట్లా పట్టుకున్నానో వాళ్లు నాలుగైదుసార్లు విన్నారు. విన్న ప్రతిసారీ ఆ గడ్డ కొంచెం పెద్దదవుతూ వచ్చింది. ఈ కథ మాత్రం వాళ్లకు చెప్పలేదు. ఇందులో నేను ఓడిపోయాను. ఓడిపోయానని నాకే చాలా రోజుల దాకా తెలియలేదు.

మా సెంటర్ జగిత్యాల బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరం. నేను సీటీ టెక్నీషియన్ని. స్కాన్ తీసి, బొమ్మలు తయారుచేసి కంప్యూటర్లో పంపితే, హైదరాబాద్‌లో కూర్చున్న డాక్టరుగారు చూసి రిపోర్టు రాసేవారు. గదిలో నాతో పాటు పనిచేసేది ఒక ఆపా. కోరుట్ల నుంచి రోజూ పొద్దున బస్సులో వచ్చేది. భర్త చిన్న వయసులోనే పోతే ఇరవై ఏళ్లు ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టింది. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం కట్టే పని. నడుము పోతున్నదని ఆ పని మానేసి మా దగ్గర అటెండరుగా చేరింది. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా లేదు. డాక్టర్ల దగ్గరి నుంచి బీర్‌పూర్ నుంచి వచ్చే రైతుల దాకా అందరికీ ఆమె ఆపానే, అంటే అక్క.

మా గదిలో ఒక పద్ధతి ఉండేది. ఎవరూ రాసిపెట్టింది కాదు. ఆడవాళ్లు స్కాన్‌కు వస్తే బల్ల మీద పడుకోబెట్టడం, కమ్మలు గాజులు తీయించడం, చేయో కాలో సరిగ్గా పెట్టడం అంతా ఆపా పని. నేను గోడకున్న అద్దం కిటికీ ఇవతల కంప్యూటరు దగ్గరే ఉండేవాణ్ణి. పరాయి ఆడమనిషి చేయి పట్టుకోకపోవడం నాకు మర్యాద, వాళ్లకూ నిమ్మళం. ముప్పై ఏళ్లలో నేను వేల చేతుల ఎముకలు చూశాను కానీ ఒక్క పరాయి ఆడమనిషి అరచేయి ఎట్లా ఉంటుందో ముట్టుకుని ఎరగను.

ఆపా గొంతు గురించి కూడా చెప్పాలి. పొట్ట స్కాన్ తీసేటప్పుడు ఊపిరి బిగబట్టమని మిషనే చెబుతుంది. మాకు వచ్చిన మిషన్ ఎవరిదో వార్తలు చదివే గొంతుతో హిందీలో చెప్పేది. సారంగాపూర్ నుంచి వచ్చిన అవ్వలు ఆ గొంతు వినగానే బల్ల మీద లేచి కూర్చుని ఎవరొచ్చారని చూసేవాళ్లు. మిషన్లో మన గొంతు కూడా నింపుకోవచ్చని తెలిసి ఆపా చేత చెప్పించాం. "దమ్ము తీస్కో బిడ్డా... పట్టు... పట్టు... ఇగ ఇడువు." అంతే. ఆ రోజు నుంచి మా గదిలో ఎవరూ లేచి కూర్చోలేదు. ఆమె టీ తాగడానికి బయటికి పోయినా ఆమె గొంతు లోపల డ్యూటీ చేస్తూనే ఉండేది. దానికి వేరే జీతం ఇప్పించమని మేనేజరును ఆటపట్టించేది.

నా సర్వీసు చివరి ఏళ్లలో కొత్త మిషన్ వచ్చింది, అందులోనూ ఆపా గొంతే నింపాం. దాన్ని డ్యుయల్ ఎనర్జీ అంటారు. ఈ పనిలో లేనివాళ్లకు ఒక్క మాటలో చెబుతాను. సిరిసిల్లలో బట్టల షావుకారు ఉంటాడు కదా, ఒకే తాను గుడ్డను కొట్లో ట్యూబులైటు కింద ఒకసారి, బయట ఎండలో ఒకసారి పట్టి చూసి ఇందులో నూలు ఎంత, పాలిస్టర్ ఎంత అని చెప్పేస్తాడు. ఇదీ అంతే. ఒకే చోటును తక్కువ బలం ఉన్న ఎక్స్‌రేతో ఒకసారి, ఎక్కువ బలం ఉన్న దానితో ఒకసారి చూస్తుంది. రెండింటిలో తేడాను బట్టి లోపల ఉన్నది ఎముక సున్నమా, యూరిక్ యాసిడా అని తేల్చి రంగు వేస్తుంది. మాకు ఎముక నీలంగా, యూరిక్ యాసిడ్ ఆకుపచ్చగా వచ్చేది. కీళ్లలో ఆకుపచ్చ ఉంటే గౌట్ జబ్బు. దానికి మందు వేరే. ఏళ్ల తరబడి కీళ్ల వాతమని నొప్పి గోలీలు మింగేవాళ్లకు ఈ బొమ్మ పెద్ద వరం.

కష్టం ఎక్కడ వచ్చిందంటే, నలుపూ తెలుపూ బొమ్మలున్నన్ని రోజులు నాకు భయం ఉండేది. చదవడం డాక్టరు పని అని నోరు మూసుకునేవాణ్ణి. రంగులు రాగానే నేనూ డాక్టర్నయిపోయాను. ఆకుపచ్చ కనిపించడానికి చదువెందుకు?

మిషన్ నేర్పడానికి వచ్చినాయన మూడు రోజులుండి పోయాడు. పోతూ ఒక జాగ్రత్త చెప్పాడు. గోళ్ల దగ్గరా, మొద్దుబారిన చర్మం దగ్గరా మిషన్ అప్పుడప్పుడు అబద్ధం చెబుతుంది, అక్కడి ఆకుపచ్చను నమ్మొద్దని. అది నిజమే. రెండు వారాలకే మల్యాల, కోరుట్ల వైపు నుంచి బీడీలు చుట్టే ఆడవాళ్లు చేతుల నొప్పులతో వరుసగా వచ్చారు. వాళ్ల వేళ్ల కొసలు కాయలు కాసి ఉండేవి. చేతులు సర్దుతూ ఆపా నాకు అద్దం అవతలి నుంచి చెప్పేది, "సాబ్, గీ అక్క చేతులు రాళ్లలెక్క ఉన్నయ్, జర చూస్కోండ్రి." బొమ్మ తీస్తే వేళ్ల కొసలన్నీ ఆకుపచ్చే. హైదరాబాద్ డాక్టరుగారు మొదట ఇద్దరికి గౌట్ ఉండొచ్చని రాశారు. నేను ఫోన్ చేసి ఇవి బీడీ చేతులని, చర్మం కాయలు కాసిందని చెప్పాను. ఆయన చాలా మెచ్చుకున్నారు. మాకు తెలియని సంగతి మీరు చెప్పారన్నారు. ఆ మాటతో నేను నేల మీద నిలబడలేదు. పట్నం డాక్టరుకు జగిత్యాల టెక్నీషియన్ పాఠం చెప్పాడని ఇంట్లో, వీధిలో, కటింగ్ షాపులో చెప్పుకున్నాను.

ఆ తర్వాత ఇంకో అడుగు వేశాను. రంగు బొమ్మను తయారుచేసేది టెక్నీషియనే. అనవసరపు చుక్కలను తుడిచి పంపే వీలు మిషన్లో ఉంటుంది. బీడీ పని చేసే మనిషి అని డాక్టరు రాసిన చీటీలో కనబడితే చాలు, ఆ చేతి మీది ఆకుపచ్చను మొత్తం నేనే తుడిచి పంపడం మొదలుపెట్టాను. డాక్టరుగారికి శ్రమ తగ్గించాననుకున్నాను. ఆయనకు శుభ్రమైన నీలం ఎముకలు పోయేవి. ఏమీ లేదని రాసేవారు.

ఇక ఆ రోజు. మధ్యాహ్నం తిండి వేళ, పేషెంట్లు లేరు. ఆపా టిఫిన్ డబ్బా మూత తీయలేక రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఏమైందని అడిగితే వేళ్లు పొద్దున పూట ముడుచుకోవడం లేదని, మందుల షాపులో నొప్పి గోలీ తెచ్చుకుని వేసుకుంటున్నానని చెప్పింది. రండి ఆపా, మిషన్ ఖాళీగానే ఉంది, ఒక్క నిమిషం అన్నాను. మా స్టాఫుకు ఇట్లా చూసుకోవడం మామూలే. చీటీ ఉండదు, బిల్లు ఉండదు, పేరు బదులు టెస్ట్ అని కొట్టి, చూసి, చెరిపేసేవాళ్లం. ఇది తప్పని మాకు తెలుసు. తెలిసీ ఏళ్లుగా చేశాం.

అందరి చేతులూ సర్దే మనిషి తన చేతులు తానే సర్దుకుని బల్ల మీద బోర్లా పడుకుంది. పక్కన ఇంకో ఆడమనిషి లేదు. నేను అద్దం ఇవతలే ఉన్నాను. బొమ్మ వచ్చింది. వేళ్ల కొసల్లో, గోళ్ల దగ్గర కొంచెం ఆకుపచ్చ. కుడి చూపుడు వేలి మధ్య కణుపు దగ్గర జొన్నగింజంత చుక్క ఒకటి. ఆమె లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది.

"ఏం లేదు ఆపా. గివి మీ పాత బీడీల కాయలే," అన్నాను.

"గంతేనా సాబ్. బతికిన," అంది.

అంతే, నేను చెరిపేశాను.

ఆమె బీడీలు మానేసి అప్పటికి తొమ్మిదేళ్లు. కాయలు ఎప్పుడో కరిగిపోయాయి. ఒక్కసారి ఆ చేయి పట్టుకుని చూసి ఉంటే తెలిసేది. కనీసం చేయి చాపమని ఆమెనే అడిగినా తెలిసేది. పైగా ఆ చుక్క కొసకు లేదు, కణుపు మీద ఉంది. ఒక చిన్న రక్తపరీక్ష రాయించమని మా సెంటర్ కింది అంతస్తులో కూర్చునే డాక్టరును అడగడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది. నా సంగతి నాకు తెలుసన్న ధీమాలో నేను అన్నం తినడానికి పోయాను.

రెండేళ్లకు పైగా ఆమె ఆ నొప్పి గోలీల మీదే పనిచేసింది. షాపతను పేరు అడగకుండానే ఇచ్చేంత అలవాటైంది. నేనూ రెండుసార్లు తెచ్చిపెట్టాను. తర్వాత కాళ్లు వాచాయి. మొహం ఉబ్బింది. బస్సు ఎక్కలేక ఒకరోజు కోరుట్లలోనే ఉండిపోయింది. కరీంనగర్‌లో కిడ్నీ డాక్టరుకు చూపించారు. ఆయన చేతులు, కాళ్లు చూసి, గౌట్ ఏమోనని డ్యుయల్ ఎనర్జీ స్కాన్ రాశాడు. ఆ చీటీ పట్టుకుని ఆమె మా గదికే వచ్చింది, ఈసారి కూతురి భుజం పట్టుకుని. చేతులు సర్దింది కొత్తగా చేరిన అమ్మాయి.

ఆ బొమ్మ వచ్చేటప్పుడు నేను కంప్యూటరు వైపు చూడలేకపోయాను. వేళ్ల కణుపుల్లో, రెండు కాళ్ల బొటనవేళ్ల దగ్గర ఆకుపచ్చ గడ్డలు కట్టి ఉంది. ఒక్క చుక్క తుడవకుండా పంపాను. ఇది చాలా ఏళ్లుగా ఉన్నదని డాక్టరుగారు రాశారు. జబ్బూ, గోలీలూ కలిసి కిడ్నీలను సగానికి పైగా తినేశాయని కరీంనగర్ డాక్టరు చెప్పాడట. గౌట్‌కు మందు మొదలైంది, నొప్పి తగ్గింది. పోయిన కిడ్నీ మాత్రం పోయిందే. ఆమె పని మానేసి సిరిసిల్లలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. పోయే రోజు స్టాఫంతా కలిసి శాలువా కప్పాం. ఆ చుక్క సంగతి చెబుదామనుకుని, జనం ఉన్నారని మింగాను. జనం లేకపోయినా మింగేవాణ్ణే.

ఆ తర్వాత ఏడాదిన్నర నేను ఆ గదిలో పనిచేశాను. ఆమె లేదు కానీ గొంతు ఉంది. రోజుకు పదిసార్లు, ఇరవైసార్లు, "పట్టు... పట్టు... ఇగ ఇడువు." కొత్తగా చేరిన అమ్మాయికి అది మిషన్ చప్పుడుతో సమానం. నాకు మాత్రం ప్రతిసారీ తల తిరిగి తలుపు వైపు చూపు పోయేది. పేషెంట్లు లేని మధ్యాహ్నాలు బల్ల మీద ఎవరూ లేకుండానే ఆ బటన్ నొక్కి విన్న రోజులున్నాయి. నవ్వితే నవ్వండి. ఒకరోజు కంపెనీ ఇంజనీరు వచ్చి సాఫ్ట్‌వేర్ మార్చి పోయాడు. మర్నాడు పొద్దున మొదటి పేషెంటుకు మళ్లీ ఆ హిందీ వార్తల గొంతు. ఆపా మాటలు పోయాయి, తిరిగి రావన్నారు. ఆ రోజు నేను మధ్యలోనే సెలవు పెట్టి ఇంటికి పోయాను. ఇంట్లో తల నొప్పి అని చెప్పాను.

రిటైరయ్యాక ఎవరైనా ఏం గుర్తొస్తుందని అడిగితే మిషన్ అని చెప్పేవాణ్ణి. నిజానికి గుర్తొచ్చేది మిషన్ కాదు. పొద్దున తొమ్మిదింటికి బుర్ఖా మడిచి మేకుకు తగిలించి, "సలాం సాబ్, ఇయ్యాల ఎంతమంది?" అని అడిగే మనిషి. ఇంట్లో పేపరు చదువుతూ ఆ వేళకు గడియారం చూసుకునేవాణ్ణి. పోయి చూడాలని ఎంతో ఉండేది, కానీ పోతే చెప్పాలి. చెప్పాల్సి వస్తుందని ఏడాది దాకా పోలేదు.

పోయిన చలికాలం ఒక పొద్దున సిరిసిల్ల బస్సెక్కాను. కూతురి ఇల్లు సాంచాల సందులో ఉంది. ఆ సందులో మరమగ్గాల చప్పుడుకు మనిషి మనిషి చెవి దగ్గర మాట్లాడాలి. ఆపా చిక్కిపోయింది. కుర్చీలో కూర్చుని ఉంది. కూతురు నాకు గ్లాసు నిండా చాయ్ ఇచ్చి, తల్లికి మూడు గుటకలంత ఇచ్చింది. నీళ్లయినా చాయ్ అయినా ఆమెకు కొలతే. నా గ్లాసు నిండుగా ఉండటం నాకు కష్టమనిపించింది.

కాసేపు ఊళ్లో సంగతులు మాట్లాడి, కూతురు లోపలికి పోయాక మొత్తం చెప్పాను. టెస్ట్ అని కొట్టడం, కణుపు మీది చుక్క, చెరిపేయడం, బీడీ చేతులన్నిటికీ ఆకుపచ్చను తుడిచి పంపడం, ఏదీ దాచలేదు. ఆమె కళ్లు దించుకుని విన్నది.

"యాదికుంది సాబ్," అంది చివరికి. "చుక్క కొసకు లేకుండె. కణుపు కాడ ఉండె. నేను సుత చూసిన."

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. తప్పు ఆమెదైనట్టు అడిగానని నోట్లోంచి వచ్చాక తెలిసింది.

"మీరు ఏం లేదన్నరు. నాకు గదే మాట కావాలె. ఉన్నదంటే ఇంట్ల కూసోమంటరు. ఇంట్ల కూసుంటె మళ్ల చాట ముంగటేసుకునుడే. మీ గది దొరికినంక నాకు మళ్ల చాట ముంగట కూసోబుద్ధి కాలె."

మాఫ్ చేయమని అడిగాను. ఆమె చేయి ఊపింది, సరే అన్నట్టా వద్దన్నట్టా ఇప్పటికీ తెలియదు. ఆమె అప్పటికే వేరే ఏదో ఆలోచిస్తోంది. తిడుతుందేమోనని చూశాను. తిట్టినా బాగుండేది.

"సాబ్, నా సంగతి వదిలిపెట్టుండ్రి," అంది. "వాళ్ల చేతులు గట్టిగున్నయని మీకు చెప్పింది నేనే. చర్మం గట్టిగుంటె లోపల రోగం ఉండొద్దని ఏడుంది? నా అసొంటోళ్లు ఎంతమంది ఉన్నరు అండ్ల?"

ఈ ప్రశ్న నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇన్నేళ్లు నా తప్పు ఒక్కటే అనుకుని, దాన్నే మోస్తూ, దాని మీదే జాలిపడుతూ ఉన్నాను.

"లెక్కపెట్టలేదు ఆపా."

"అయితె పెట్టుండ్రి."

ఆ వారమే సెంటర్‌కు పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మేనేజరు మొదట ఎవరూ వినకుండా తలుపు వేశాడు, తర్వాత డాక్టర్లతో మాట్లాడి పాత స్కాన్లు మళ్లీ చూపించడానికి ఒప్పుకున్నాడు. అదృష్టం కొద్దీ నేను తుడిచింది రంగు బొమ్మలనే. తుడవక ముందటి స్కాన్లు డిస్కుల్లో ఉన్నాయి. వారానికి రెండు రోజులు పోతాను. నాకు మిషన్ ముట్టుకునే హక్కు లేదు, నా స్థానంలో వచ్చిన టెక్నీషియన్ అమ్మాయి ఆ పాత స్కాన్ల నుంచి రంగు బొమ్మలు మళ్లీ తయారుచేసి ఏమీ తుడవకుండా హైదరాబాద్ పంపుతుంది. నేను పక్కన కూర్చుని పాత చీటీల్లోంచి పేర్లూ ఊళ్లూ వెతికి ఇస్తాను. ఎక్కువమందివి నిజంగా కాయలే. ఇప్పటిదాకా ఐదుగురివి కాదు. ఫోన్లు మారిపోయాయి, అందుకని ఊళ్లకు నేనే పోతున్నాను. సారంగాపూర్‌లో ఒకామె మీరెవరని తలుపు దగ్గరే నిలబెట్టి అరగంట కడిగింది. మందు మొదలుపెట్టింది. మల్యాల వైపు ఒకామె ఇంటికి పోతే ఆమె పోయి ఏడాదైందన్నారు. దేనితో పోయిందని అడిగాను. వాళ్లు చెప్పింది నేను ఆపాకు తప్ప ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా రాయను.

ఈ పని నేర్చుకునే పిల్లలారా, నేను చెప్పగలిగిన నీతి మీ పుస్తకాల్లోనే ఉంది. చీటీ లేనిది స్కాన్ తీయొద్దు. డాక్టరు చూడాల్సింది మీరు తుడవొద్దు. ఇంత చిన్న మాటకు నాకు ఇంత కథ పట్టింది.

సెంటర్ నుంచి బయటపడగానే సిరిసిల్లకు ఫోన్ చేస్తాను. ఆ సాంచాల చప్పుడులో ఆపా గట్టిగా మాట్లాడుతుంది. మొదట ఆమె రక్తపరీక్ష సంగతి అడుగుతాను, బాగలేకపోయినా బాగుందనే చెబుతుంది. తర్వాత ఆమె అడుగుతుంది, "సాబ్, ఇంక ఎంతమంది ఉన్నరు?" ఇంకా ఒక డబ్బా నిండా చీటీలున్నాయి. ఆ మాట చెప్పేటప్పుడు ఆ ఆడవాళ్ల చేతులు గుర్తొచ్చి నాకు నిజంగానే బాధ కలుగుతుంది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ డబ్బా అయిపోలేదు కనుక వచ్చే వారం కూడా ఆమెకు ఫోన్ చేయొచ్చని సంతోషం కూడా కలుగుతుంది.